మా బాపు ట్రక్కులో గట్టిమేళం

నా పెళ్లిలో మేళం డీజిల్‌తో నడిచింది. ఈ మాట అంటే కొత్తవాళ్లు కోతలు కోస్తోందనుకుని నవ్వి ఊరుకుంటారు. పోనీలెండి. కరోనా మొదటి ఏడు సూరత్‌లో పెళ్లి చేసుకున్నవాళ్లను ఎవరినైనా అడగండి, ఒక్కొక్కరిదీ ఒక్కో విడ్డూరం.

మాది ఉధ్నాలో, తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లుండే సాంచాల గల్లీ. పవర్‌లూమ్‌లను మేం సాంచాలంటాం. మా బాపు చాలా ఏళ్లు వాటి మీద బట్ట నేసి, చెవులు సగం పోయాక, ఒక పాత డీజిల్ ట్రక్కు కొనుక్కున్నాడు. గల్లీలో నేసిన తానులను రంగుల మిల్లులకు చేరవేసేవాడు. ఆయనకున్న ఏకైక విలాసం ఆ ట్రక్కులోని స్టీరియో. కానీ ఇంజను స్టార్ట్ అయితే చాలు, పాట వెనకాల 'కుయ్' మంటూ సన్నగా ఒక కూత. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అది పైకి లేచేది. సాంచాల మోతలో బతుకంతా గడిపిన మనిషికి ఈ కూత మాత్రం ససేమిరా పడలేదు. స్టీరియోకి కరెంటు వెళ్లే వైరు మధ్యలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి పెట్టించాడు. నాయిస్ ఫిల్టర్ అంటారు దాన్ని. కూత మాయమైంది. ఆ రోజు ఇంటిల్లిపాదినీ ట్రక్కెక్కించి, పాట పెట్టి, ఇంజను బర్రుమనిపించి, "ఇనుండ్రి! ఏమన్న ఇనవడుతున్నదా? ఏం ఇనవడదు!" అని ఒకటే మురిసిపోయాడు.

నా పెళ్లిచూపులు డుమస్‌లో, సముద్రం ఒడ్డున, టమాటా భజియాల బండి పక్కన జరిగాయి. అప్పటికింకా కరోనా రాలేదు. అబ్బాయి మావాళ్లే, సూరత్‌లోనే పెరిగినవాడు, హజీరాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. నన్ను చూశాడు, ఏదో అడగబోయాడు, దగ్గాడు. భజియా గొంతుకు అడ్డం పడిందనుకున్నాను. ప్లేటు ఖాళీ అయ్యాక కూడా నా వంక చూసినప్పుడల్లా దగ్గాడు. అది సిగ్గు. ఈయనకు సిగ్గేస్తే బుగ్గలు ఎర్రబడవు, దగ్గొస్తుంది. నాకు ఆ దగ్గు భలే నచ్చేసింది, ఏం చేయను!

ముహూర్తం పెట్టుకున్నాం. లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లి వాయిదా పడింది. మాది ఒకే ఒక్క గది. అమ్మ, బాపు, నానమ్మ, నేను, మధ్యలో పొయ్యి. అందులో కూర్చుని కాబోయేవాడితో ఫోన్‌లో ఏం మాట్లాడతాను? అందుకని పని లేక నిలబడిపోయిన ట్రక్కు మీద నాకు అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. "బాపూ, బండి గిట్లనే పెడితే బ్యాటరీ దిగుతది. నేను పోయి జర చార్జ్ చేస్తా" అని రోజూ తాళాలు అందుకునేదాన్ని. అద్దాలు ఎత్తేసి, ఇంజను స్టార్ట్ చేసి, ఫోన్‌ను స్టీరియోకి కలిపేదాన్ని. ఫిల్టర్ పుణ్యమా అని అతని గొంతు తేటగా, దగ్గులతో సహా వినిపించేది. ఎంతకీ దిగకపోతే బాపు గడప మీద నుంచి కేకేసేవాడు. "మంచిగ నిండనియ్యి బిడ్డా, తొందరేం లేదు." ఆయనకు అంతా తెలుసు. నాకూ ఆ సంగతి తెలుసు. అయినా మా ఇద్దరికీ అది బ్యాటరీయే.

చివరికి పిడికెడు మందితో పెళ్లి చేసుకోవచ్చన్నారు. మా ఇంటి ముందే పందిరి వేశాం. తీరా చూస్తే మేళం వాళ్లుండే వీధిని మూసేశారు, వాళ్లు రాలేమన్నారు. నానమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"మేళం లేకుంట పుస్తె ఎట్ల కడ్తరు? గా యాళల ఎవడు తుమ్మినా దగ్గినా ఇనవడొద్దనే గదా గట్టిమేళం. దగ్గు ఇనవడ్డదంటే పెండ్లి ఆపుడే!"

మామూలు రోజుల్లో అయితే మా గల్లీలో ఎవరు దగ్గినా పక్కనున్నవాడికే వినిపించదు. కానీ పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోయి, సాంచాలన్నీ మూగబోయి ఉన్నాయి. రేకుల మీద పావురం నడిచినా వినపడుతోంది. నాకు పుస్తె కడుతూ ఈయన దగ్గకుండా ఉండడు. ఆ రోజుల్లో దగ్గంటే ఏమిటో మీకు చెప్పాలా? నానమ్మ ఆపకపోయినా పంతులు చెప్పులైనా వేసుకోకుండా పరుగెడతాడు. పెళ్లికొడుకు కరోనా పరీక్ష చేయించుకున్నాడు, ఏమీ లేదని తేలింది. సిగ్గుకు పరీక్ష ఎక్కడ చేస్తారు?

బాపు మాత్రం ఏమాత్రం జంకలేదు. "మేళం నేను తెస్త" అన్నాడు. గల్లీ గణపతి మంటపం కోసం కొన్న పెద్ద స్పీకర్లు మూలన పడి ఉంటే దులిపి ట్రక్కు మీద పెట్టాడు. పెన్‌డ్రైవ్‌లో సన్నాయి, డోలు ఎక్కించాడు. పెళ్లి రోజు పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి మేళం మొదలుపెట్టాడు. గల్లీ అదిరింది. నేను పెళ్లికూతురి చీరలోనే రెండు గంతులు వేశాను. అంతలో కాలిన వాసన, ఆ వెంటనే నిశ్శబ్దం. ఫిల్టర్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. చిన్న స్టీరియో కోసం పెట్టిన డబ్బా, అంత పెద్ద స్పీకర్ల బరువు మోయలేకపోయింది. చల్లారనిచ్చి మళ్లీ పెడితే మళ్లీ అంతే.

దాన్ని తీసేసి వైర్లు నేరుగా కలిపితే మేళం ఆగదు. కానీ కూత తిరిగొస్తుంది, ఇంజను ఆపేద్దామంటే అంత పెద్ద స్పీకర్లకు బ్యాటరీ ఒక్కటే చాలదు. బాపు ఒకసారి కలిపి చూశాడు. సన్నాయిని మించి 'కూయ్' మంది. నానమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"ఓరి కొడుకా, ఆడిమనిషి ఏడ్చినట్టున్నది. పెండ్లిల ఏడుపా?"

బాపు ముఖం వాడిపోయింది. ఆయనకు ముందే ఆ కూతంటే గిట్టదు. ఒక్కగానొక్క కూతురి పెళ్లిలో అదే వినిపించాలా? ఫిల్టర్ తిరిగి బిగించి మేళం సౌండ్ తగ్గించి పెడదామన్నాడు. తగ్గిస్తే నా కొంప మునుగుతుంది. ఆయన్ని ట్రక్కు చాటుకు లాగాను.

"బాపూ, అది తీసెయ్యి. సౌండ్ ఫుల్ పెట్టు. ఆయన దగ్గుతడు."

బాపు అడుగు వెనక్కేశాడు. "ఏందీ! కరోనానా?"

"కాదు బాపూ, సిగ్గు. నన్ను చూస్తే దగ్గొస్తది."

బాపు నవ్వడం మొదలుపెట్టాడు, ట్రక్కు తలుపు పట్టుకుని, వంగిపోయి, పట్టుపంచె జారేదాకా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఫిల్టర్ పీకి జేబులో వేసుకున్నాడు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాడు. నానమ్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, అది ఏడుపు గాదు, గుజరాత్ సన్నాయి. ఈడ గిట్లనే వాయిస్తరు" అన్నాడు. నానమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "సరే మరి, ఊరికో రీతి" అంది.

కన్యాదానం అయ్యాక బాపు పీటల మీద నుంచి లేచి, ఒట్టి కాళ్లతో వెళ్లి ట్రక్కెక్కాడు. స్పీకర్లు ఫుల్‌గా మోగాలంటే ఇంజను రేసు చేస్తూనే ఉండాలి, ఆ మొండి పెడల్ ఆయన కాలి మాటే వింటుంది. పంతులు చెయ్యెత్తి, "గట్టిమేళం!" అని అరిచాడు. బాపు తొక్కాడు. సన్నాయి, డోలు, ఇంజను దడదడ, వాటన్నిటి మీదా ఆకాశానికి లేచిన ఆ కూత! మొదటి ముడి వేస్తూ ఈయన నన్ను చూశాడు. మాస్కు ఉబ్బింది, భుజాలు ఎగిరిపడ్డాయి. దగ్గాడు. ముడి ముడికీ దగ్గాడు. నా చెవి పక్కనే దగ్గినా నాకే వినపడలేదు! నవ్వాపుకోలేక నేను ఊగిపోతుంటే పుస్తె అతని చేతుల్లోంచి రెండుసార్లు జారింది. అంత సంతోషం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

అక్షింతలు పడ్డాయి. పెన్‌డ్రైవ్‌లో మేళం అయిపోయింది. కూత మాత్రం ఆగలేదు. ఇంజను బర్రుమంటూనే ఉంది. అందరూ అటు తిరిగారు. అమ్మ కేకేసింది.

"ఏందయ్యా, పెండ్లి అయిపాయె! ఇగ బంద్ చెయ్యి!"

అద్దంలోంచి బాపు కనిపించాడు. స్టీరింగ్ మీద తల వాల్చాడు, మాస్కు తడిసి ముక్కుకు అంటుకుపోయింది. కాలు మాత్రం పెడల్ మీదే ఉంది. తన ఏడుపు ఎవరికీ వినపడటం లేదనుకుంటున్నాడు. తల ఎత్తకుండానే గట్టిగా అరిచాడు.

"ఉండుండ్రి! బ్యాటరీ చార్జ్ చేస్తున్న!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పూలదండతోనే లేచి వెళ్లి, ట్రక్కెక్కి ఆయన పక్క సీటులో కూర్చుని అద్దం ఎత్తేశాను.

"మంచిగ నిండనియ్యి బాపూ," అన్నాను, "తొందరేం లేదు."