మండపేట నుంచి వచ్చిన ఆర్డరు

రెండేళ్ల కిందట శ్రావణమాసంలో, రాజోలు దగ్గర ఒక పల్లెలో జరిగింది ఇది. నా పని ఆన్‌లైన్ దుకాణాలకి లెక్కల సాఫ్ట్‌వేర్ తగిలించడం. కొనేవాళ్లు వెబ్‌సైట్‌లో సరుకు ఎంచుకుని వేసుకునే బుట్టని షాపింగ్ కార్ట్ అంటాం. అందులో ఆర్డరు పడగానే బిల్లూ, పార్సిలు మీద అంటించే చీటీ వాటంతటవే తయారైపోవాలి. వినడానికి ఇంతే. నాకు మాత్రం ఒక్కో దుకాణం ఒక్కో తలనొప్పి.

సుజాత గారు ఇంటి దగ్గరే పూతరేకులు, కొబ్బరి లౌజు చేయించి అమ్ముతారు. వెబ్‌సైట్ ఆలోచన వాళ్లాయన వరప్రసాద్ గారిది. ఆయన కువైట్‌లో డ్రైవరుగా ఉండేవారు. నేను వెళ్లేసరికి ఆయన అక్కడే పోయి ఏడాది దాటింది. ఆవిడే ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నారు.

మా వైపు పేర్లతో పెద్ద గొడవండి. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు, ఇంట్లో పిలిచేది మరొకటి. ఒకే మనిషి మూడుసార్లు కొంటే ముగ్గురు ఖాతాదారులు పుట్టుకొస్తారు. అందుకని నేనో రూలు పెట్టేను. పేరు పట్టించుకోకు, మొబైల్ నంబరు చూడు, అది పాత జాబితాలో ఉంటే ఆ పాత పేరుతోనే బిల్లూ, చీటీ కొట్టు అని. దీన్ని మ్యాచింగ్ రూల్ అంటాం. భలే పని చేశానని నన్ను నేనే మెచ్చుకుని అమలాపురం వచ్చేసేను.

వారం తిరక్కుండా ఫోను.

"సత్తిబాబు గారూ, మీరొకసారి రావాలండి."

"ఏదైనా ఆగిపోయిందాండి?"

"ఏం ఆగలేదండి. రండి."

మిట్టమధ్యాహ్నం వెళ్లేను. ఎప్పుడూ కబుర్లతో హోరెత్తించే ప్యాకింగ్ ఆడవాళ్లు ఆవేళ నోరు మెదపకుండా పెట్టెలు కడుతున్నారు. లోపల మంచం మీద అప్పుడే ఇస్త్రీ చేసిన మగవాళ్ల చొక్కాలు రెండు. ఆ ఇంట్లో మగమనిషి లేడు. సుజాత గారు ఒక పార్సిలు చీటీ నా ముందు పెట్టేరు. పేరు వరప్రసాద్. మండపేట అడ్రసు. బెల్లం పూతరేకులు రెండు పెట్టెలు. కింద, 'నెయ్యి తక్కువ వెయ్యండి' అని ఉంది.

"మావారి పేరు, మావారి నంబరే అండి. నెయ్యి ఆయనకి పడేది కాదు."

"ఎప్పుడొచ్చిందండి ఇది?"

"మూడు రోజులైంది. ఎవరికీ చెప్పలేదు."

నెయ్యి తక్కువని సగం మంది రాస్తారు, నాకు తెలుసు. అయినా చూపు గోడ మీదికి పోయింది. గోడ మీద దండ వేసిన ఫొటోలో ఆయన, నా చేతిలో కొత్త ఆర్డరులో ఆయన. చీటీ కింద పెట్టెయ్యాలనిపించింది.

ఆవిడ గొంతు తగ్గించేరు. "ఆయన్ని పెట్టెలో పెట్టి సీలు వేసి పంపేరండి కువైట్ నుంచి. తెరవొద్దన్నారు. ముఖం చూడకుండానే మట్టి చేసేం. అందులో ఉన్నది ఆయనేనని ఎవరు చూసేరండి?"

అప్పుడర్థమైంది నాకు, ఈవిడ మూడు రోజులుగా ఏం అనుకుంటున్నారో. గబగబా ల్యాప్‌టాప్ తీసి కార్ట్‌లో అసలు ఆర్డరు తెరిచేను. అక్కడ కొన్నవాళ్ల పేరు దుర్గాభవాని. వెబ్‌సైట్ పెట్టిన కొత్తలో వరప్రసాద్ గారు పరీక్షకని తన నంబరుతో పెట్టిన మొదటి ఆర్డరు జాబితాలో అలాగే ఉంది. ఆయన పోయేక రీచార్జి లేక ఫోను కంపెనీవాళ్లు ఆ నంబరు వేరేవాళ్లకిచ్చేసి ఉంటారు. నా రూలు నంబరు చూసి, ఆయన పేరు తెచ్చి అంటించింది. తప్పు నాదేనండి అని చెప్పేను.

"ఆయ్," అన్నారు. నమ్మలేదు. అక్కడికక్కడే స్పీకరు పెట్టి ఆ నంబరుకి ఫోను కలిపేరు. అది మోగుతున్నంతసేపూ ఆవిడ రెప్ప వెయ్యలేదు. ఎవరో ఎత్తేరు. ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. ఆ క్షణం, నిజం చెబుతున్నాను, నేనూ మగగొంతు కోసమే ఎదురుచూసేను.

"హలో, ఎవరండి?" ఆడపిల్ల గొంతు.

"ఈ నంబరు ఎప్పట్నించి వాడుతున్నావమ్మా?"

"నాలుగు నెలలైందండి. ఏమైందండి?"

"ఏం లేదు తల్లీ. నీ పార్సిలు రేపు వస్తుంది."

ఫోను పెట్టేసి దాన్ని చీటీ పక్కన బోర్లించేరు. "మట్టి చేసినప్పుడు నాకు నమ్మకం కుదర్లేదు సత్తిబాబు గారూ," అన్నారు. "ఆయన ఇవాళ పోయేరండి."

అని గొల్లుమన్నారు. ప్యాకింగ్ ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. నేను నేరం చేసినవాడిలా గుమ్మం పక్కన నిలబడిపోయేను. రూలు మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. నంబరు కలిసి పేరు కలవకపోతే, మనిషి చూసి ఒప్పుకునేదాకా బిల్లు ఆగుతుందిప్పుడు. ఆ ఐదు నిమిషాల పని ముందే చేసుంటే ఆవిడకి ఆ మూడు రోజులు ఉండేవి కావు. అది మంచో చెడో నేను చెప్పలేను.

ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా, సాఫ్ట్‌వేర్ తగిలించే ముందు ఖాతాదారుల జాబితా యజమాని ముందు పెట్టి ఒక మాట అడుగుతాను. "ఇందులో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారాండి?" పిచ్చివాడనుకుంటారని మొదట్లో మొహమాటపడేవాణ్ని. ఇంతవరకూ ఒక్కరూ నవ్వలేదు. కాసేపు జాబితాకేసి చూస్తారు. తర్వాత వేలు పెట్టి ఒక పేరు చూపిస్తారు.