నలభై అయిదు మెగాపిక్సెళ్లలో ఒక ముఖం

కొత్త కెమెరా కొన్నప్పుడు అది నలభై అయిదు మెగాపిక్సెళ్లదని కనబడినవాళ్లందరికీ చెప్పాను. కొత్తపేటలో మా స్టూడియోకి వచ్చిన పెళ్లివారితో, "ఫొటో గోడంత చేసుకున్నా చెదరదండీ" అనేవాణ్ణి. ఆ మాట పట్టుకుని ఒకరోజు పొద్దున్నే ఒకావిడ బడంగ్‌పేట్ నుంచి వచ్చింది.

నల్లగొండ వైపు మనిషి. బట్టలు కుడుతుంది. వాటర్ ట్యాంకర్ నడిపే భర్త రెండు నెలల కిందట గుండెపోటుతో పోయాడు. ఫొటో అంటే తప్పుకుని పోయేవాడట.

"ఆధార్ కార్డుల బొమ్మ ఉన్నది గని, అండ్ల దొంగలెక్క కనిపిస్తడు సార్. మా చుట్టాల పెండ్లి మీరే తీసిన్రు గదా. గా ఫొటోలల్ల ఉంటడు. గోడకు పెట్టేటంత చేసియ్యున్రి."

నిరుడు ఎల్బీ నగర్‌లో ఈ కెమెరాతోనే తీసిన పెళ్లి అది. ఇద్దరం కూర్చుని వెతికాం. భోజనాల హాల్లో తీసిన ఒకే ఒక్క ఫొటోలో, వెనక వరసలో, ఒక మూలన దొరికాడు. పెద్దది చేసి చూశాను. హాల్లో వెలుతురు తక్కువ. ముఖమంతా ఇసుక చల్లినట్టు గరుకు. ఆయన తల తిప్పుతున్నట్టున్నాడు, కొంచెం కదిలింది కూడా. అన్ని కోట్ల చుక్కల్లో ఆయన వాటాకు వచ్చినవి కొన్నే, అవీ మసకవే.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేశాను. కళ్లు, మీసం గీసినట్టు తేటపడ్డాయి. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఈయనెవరో మంచిగున్నడు. మా ఆయనైతే కాదు సార్. గదవ కింద కుట్లు పడ్డ గాటుంటది. అదేది?"

సిగ్గేసింది. "అది నేను చేయించిన ముఖమమ్మా. అసలుది ఇంతకంటే పెద్దగా రాదు. గోడంత అని నేను అనకుండా ఉండాల్సింది" అన్నాను. కోప్పడుతుందనుకున్నాను.

"మరి చిన్నగ చేస్తే ఒస్తడా?" అంది.

అసలు ఫొటోనే అరచేతిలో పట్టేంత ప్రింటు తీశాను. ఆ సైజులో గరుకంతా సర్దుకుంది. గడ్డం కింద గాటు సన్నటి నీడలా కనిపించింది. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరకు తెచ్చుకుంది.

"గిదే. ఎవలో పిలిస్తే ఇటు మర్లిండు. గట్లనే మర్లుతుండె."

ప్రింటును కవర్లో పెట్టి ఇచ్చాను.

"ఇంకోటియ్యున్రి, మా అత్తకు. ఆమెకు సూపు తక్కువ, కండ్ల కాడనే పెట్టుకుంటది" అంది. రెండో ప్రింటు ఆరేలోపు బయటికి వెళ్లి ఇద్దరికీ చాయ్ తెచ్చాను.