పెట్టెలో పేరుకున్న పత్తి నూగు

ఏ ప్రోగ్రామునైనా సోర్స్ కోడ్ తెచ్చుకుని నా కంప్యూటర్లోనే కంపైల్ చేసుకుంటాను. అందుకు వీలైన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే వాడతాను. ఇతరులు సిద్ధం చేసి ఇచ్చినదాన్ని కళ్లు మూసుకుని తీసుకోవడం నాకు గిట్టదు. మతం విషయంలోనూ అంతే. ఆదోనిలో మా ఇంట్లో వారం వారం చర్చలు పెట్టి ఈ మాటే గొంతు చించుకుని చెప్పేవాణ్ణి.

ఆ చర్చలకు ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే మిత్రుడొకడు బస్సెక్కి వచ్చేవాడు. దేవుణ్ణి నమ్మేవాడు, నాతో వాదించడానికే వచ్చేవాడు. ఏటా ఆయుధపూజకు తన మగ్గం శుభ్రం చేసుకున్నాక నా కంప్యూటరు దగ్గరికొచ్చేవాడు. పెట్టె విప్పి, ఫ్యాను ఊడదీసి, బ్రష్షుతో దులిపి, మూత బిగించి, పైన చిన్న కుంకుమ బొట్టు పెట్టేవాడు.

మూడేళ్ల కిందటి ఆయుధపూజ నాడు నలుగురి ముందు ఆ బొట్టును తడిగుడ్డతో తుడిచేశాను.

"ఏమన్నా, బొట్టు పెడితే ఇది ఇంకా బిరబిరా లెక్కలు సేస్తాదా?" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వినట్టే కనిపించాడు. బ్రష్షు జేబులో పెట్టుకుని, "నీ పెట్టె, నీ ఇష్టమప్పా" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత రెండు ఆయుధపూజలు గడిచాయి. మూఢాచారాన్ని ఇంటినుంచి తరిమేశానని వ్యాసం కూడా రాసుకున్నాను. పెట్టెను మాత్రం ఎవరూ విప్పలేదు.

ఈ వేసవిలో కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చింది. కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చేది కంపైలరే. దాన్నీ సోర్స్ నుంచే కంపైల్ చేసుకోవాలి. గంటల తరబడి పని. ముప్పావుగంటకే ఆగిపోయింది. కంపైలర్‌లోనే ఏదో లోపమని తెర మీద ఎర్రర్. మళ్లీ మొదలుపెడితే ఇంకో ఫైలు దగ్గర ఆగింది. సెట్టింగులు మార్చాను, పాత వెర్షన్‌తో ప్రయత్నించాను, దాన్ని రాసినవాళ్లను తిట్టుకున్నాను. నాలుగు రోజులు, ప్రతిసారీ కొత్త చోట. ఆ పెట్టె లోపల చూసిన మనిషి అతనొక్కడేనని గుర్తొచ్చి, సిగ్గు చంపుకుని ఫోన్ చేశాను.

అంతా విని అడిగాడు: "ఒగే తావున ఆగుతాందా, ఒగోసారి ఒగో తావునా?"

"ఒగోసారి ఒగో తావునన్నా."

"నూలుదే తప్పయితే ఒగే తావున తెగుతాది. యాడబడితే ఆడ తెగుతాందంటే మగ్గం సూసుకోవల్ల. నువ్వు రాతలో యెతుకుతాండావు. పెట్టె ఇప్పినావా?"

"ఇప్పలేదన్నా."

"దేవుడు లేడంటివి, సరే. దుమ్ము గూడా లేదనుకుంటివా అప్పా?"

విప్పాను. వీధి చివరి జిన్నింగు మిల్లు నుంచి గాలికొచ్చే పత్తి నూగు ఫ్యాను వెనక పరుపులా పేరుకుపోయింది. ప్రాసెసరు వేడెక్కి లెక్క తప్పుతోంది. నూగు పొరలు పొరలుగా పెరికి తీశాను. ఆ సాయంత్రానికి కంపైలర్ ఎక్కడా ఆగకుండా పూర్తయింది.

బొట్టుకు ఏ శక్తీ లేదని ఇప్పుడూ అంటాను. కానీ కారణం అడగనిదే ఏదీ ఒప్పుకోకండని ఊరందరికీ చెప్పిన నేను, అతను ఏటా ఆ పెట్టె ఎందుకు విప్పుతున్నాడో ఒక్కసారీ అడగలేదు. వాదించడానికి బస్సెక్కి వచ్చిన మనిషితో వాదించకుండా, నలుగురి చేత నవ్వించాను.

మరునాడు మళ్లీ ఫోన్ చేశాను. "ఈ ఆయుధపూజకు రాన్నా. బొట్టు పెట్టు, తుడవను."

"తుడుస్తావో లేదో నాకెందుకప్పా. ఇప్పేది నేర్సుకుంటివి గదా, ఇంక నాతో ఏం పని?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఫోన్ కట్ చేయకుండానే అతను మళ్లీ నేతలో పడ్డాడు. మగ్గం చప్పుడు కాసేపు విని, నేనే పెట్టేశాను.