ఫిర్యాదు నమిలిన ఆఫీసరు

పోయిన ఆదివారం మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంటి దగ్గరున్న లైబ్రరీకి వెళితే, అక్కడ గోడ మీద మెక్సికో అచ్చుబొమ్మలు నాలుగైదు పెట్టి ఉన్నాయి. ముదురు గోధుమరంగు కాగితం, పీచుపీచుగా, చెట్టు బెరడుని ఉడకబెట్టి రాతితో కొట్టి చేసింది. అది చూసి అలాగే నిలబడిపోయాను. మా అమ్మాయి రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదట.

డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చి, ఉద్యోగం చేసే వీలు లేక, అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ రోజులు గడిపినవాళ్ళు మా వయసువాళ్ళలో చాలామందే ఉంటారు. అప్పట్లో మేమున్న సన్నీవేల్‌లో ఆ విసుగు భరించలేక నేను దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అచ్చుబొమ్మల క్లాసులో చేరాను. మాది పెడన, కలంకారీ అచ్చుల చప్పుడు వింటూ పెరిగినదాన్ని, అందుకే కాబోలు చెక్క చెక్కడం తొందరగానే పట్టుబడింది. మా టీచరు మెక్సికో ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్ద. సొంత ఊళ్ళో ఉండే ఆవిడ తమ్ముడు బెరడు కాగితం తయారుచేసి, ఇటు వచ్చేవాళ్ళ చేత పంపుతుండేవాడు. అతనూ బొమ్మలు చెక్కేవాడు. మనవాళ్ళు కార్టూన్లలో నాయకుడికి పొట్ట పెంచుతారు కదా, వాళ్ళు ఉన్న పొట్ట కూడా తీసేసి అస్థిపంజరానికి కోటూ బూట్లూ తొడుగుతారు. అతని బొమ్మ ఒకదాంట్లో ఆ ఊరి మేయరు ఎముకలగూడై వాటర్ ట్యాంకు మీద కూర్చుని, పెద్ద స్ట్రాతో నీళ్ళన్నీ పీల్చేస్తుంటాడు. కింద ఆడవాళ్ళు ఖాళీ బకెట్లతో నిలబడి ఉంటారు. తాగిన నీళ్ళు పక్కటెముకల సందుల్లోంచి మేయరుగారి సొంత తోటలోకి కారుతుంటాయి. నేను పకపకా నవ్వితే ఆవిడా నవ్వింది. అలాంటివి అతను సంత గోడలకి అంటించేవాడు, అడుగున తన పేరుతో సహా.

నేను క్లాసులో చేరిన ఏడాది చలికాలంలో ఎవరో ఇద్దరు వచ్చి, సంత మధ్యలోంచే అతన్ని వ్యానెక్కించుకుని పోయారు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ముసలితల్లి ఫిర్యాదు పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగినా, ప్రతి ఆఫీసులోనూ తమకేమీ తెలియదనే అన్నారు. మా టీచరు వారం తరవాత క్లాసుకి వచ్చి, తమ్ముడు పంపిన ఆఖరి కట్ట విప్పి మాకు తలా ఒక కాగితం పంచింది. తెలియదన్న ఆ మనుషుల్ని చెక్క మీద చెక్కి, ఆ కాగితం మీద అచ్చు వేయమంది. కాలేజీలోనే ఎగ్జిబిషన్ పెడతానంది. నేను తల్లి ఇచ్చిన ఫిర్యాదుని నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుని నములుతున్న ఆఫీసరుని చెక్కాను. అందరికంటే నాదే బాగా వచ్చిందని, ద్వారానికి ఎదురుగా అదే పెడతానని, పేపరువాళ్ళు ఫోటో తీసుకోవడానికి వస్తారని ఆవిడ చెప్పింది.

ఇంటికొచ్చి మురిసిపోతూ చెబితే మావారు లాప్‌టాప్ మూసేశారు. “గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పేరు పేపర్లో వస్తే రేపు ఇంటర్వ్యూలో ఏమడుగుతారో, ఏమో! ఈ పాలిటిక్స్ మనకెందుకు చెప్పు?”

తప్పు ఆయన మీదికి తోసేయడం తేలికే. కానీ ఆయన వద్దని కూడా అనలేదు, భయపడింది నేను. మర్నాడు వెళ్ళి బొమ్మ వెనక్కి ఇమ్మని అడిగాను. ఆవిడ గోడ మీంచి తీసి, చుట్టచుట్టి ఇచ్చింది.

“భయపడ్డందుకు సిగ్గుపడకు. వాడూ భయపడేవాడు. అంటించి వచ్చాక నాకు ఫోన్ చేసి చెప్పేవాడు.”

కోప్పడినా బాగుండేది. అపార్ట్‌మెంట్‌కి తెచ్చాక ఆ బొమ్మ ఇంట్లో ఉండడం కూడా ప్రమాదమే అనిపించింది. చింపబోతే బెరడు కాగితం చిరగలేదు. వంటింటి కత్తెరతో ముక్కలు చేసి, కూరగాయల తొక్కల కింద పడేశాను. ఆ మనిషి తన చేతులతో కొట్టి చేసిన ఆఖరి కాగితాల్లో అదొకటని తెలిసే చేశాను.

టర్మ్ అయిపోగానే టీచరు తమ్ముణ్ణి వెతకడానికి వెళ్ళిపోయింది. రెండు ఈమెయిల్స్ వచ్చాయి. రెండోదాంట్లో, తనూ అమ్మా గడ్డపారలు పట్టుకుని అలాగే బిడ్డలు మాయమైన మిగతా తల్లులతో కలిసి ఎముకల కోసం కొండ పక్కన నేల తవ్వుతున్నామని రాసింది. ఏం రాయాలో తోచక నేను జవాబివ్వలేదు. మళ్ళీ ఈమెయిల్ రాలేదు.

ఇప్పుడు మాకు సిటిజన్‌షిప్ వచ్చి ఏళ్ళయింది. ఏ ఆఫీసరుకీ నేను జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో, ఒక్క కార్డు చేతికొస్తే చాలు, ఆ తరవాత అన్నీ ధైర్యంగా మాట్లాడొచ్చు అనుకునేవాళ్ళం. మొన్నటి ఎలక్షన్లలో మా వీధిలో ఇంటింటి ముందూ తమకి నచ్చిన అభ్యర్థి పేరుతో బోర్డులు పాతుకున్నారు. మా లాన్ మాత్రం ఖాళీగానే ఉంది. అడిగినవాళ్ళకి గడ్డి పాడవుతుందని చెప్పాను.