ఆయన చెప్పని మాట

నంద్యాలలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రి నుంచి తోటివాళ్లు ఒక్కొక్కరే ఇంగ్లీషు పరీక్ష రాసి విదేశాలకు వెళ్లిపోతుంటే నాకూ ఆశ పుట్టింది. ఆ పరీక్షలో చదవడం, రాయడం, వినడం ఉంటాయి. వాటికి నేను భయపడలేదు. భయమంతా నాలుగోదానికే. ఎదురుగా ఒకరు కూర్చుని చేతికి కార్డు ఇస్తారు. దాని మీద ఒక విషయం రాసి ఉంటుంది. ఒక నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాలు ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడాలి.

మాది ఆళ్లగడ్డ. నాయన విగ్రహాలు చెక్కేవాడు. రోజంతా ఉలి చప్పుడే తప్ప ఆయన నోటి నుంచి పది మాటలు వస్తే ఎక్కువ. నేనూ అంతే. తెలుగులోనే రెండు నిమిషాలు ఏకబిగిన మాట్లాడిన గుర్తు లేదు నాకు.

బస్టాండు వెనక వీధిలో, బట్టల అంగడి మీద ఉన్న గదిలో ఒక సారు ఈ పరీక్షకు కోచింగ్ ఇచ్చేవాడు. పొద్దుటి డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకుని మూడు గంటలకు అక్కడికి వెళ్లేదాన్ని. మొదటి వారంలోనే ఆయన నా చేతిలో పెట్టిన కార్డు ఇది: మీరు ఒక పెద్ద వయసు మనిషికి సాయం చేసిన సందర్భం గురించి చెప్పండి.

నర్సుకు ఇంతకంటే సులువైన ప్రశ్న ఉంటుందా? వార్డులో రోజూ చేసేది అదే కదా. కానీ ఆ నిమిషంలో వందమంది ముసలివాళ్లలో ఒక్కడే నాకు గుర్తొచ్చాడు. అతనికి నేను సాయం చేయలేదు.

ఆ తాతది గోస్పాడు దగ్గర పల్లె. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పన్నెండు రోజులు మా వార్డులో ఉన్నాడు. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పేశాడు. వెంట ఉండి చూసుకున్నది కూతురు. ఆ రోజు పొద్దున పది గంటలప్పుడు నేను రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆమె కింద మందుల షాపుకు వెళ్లింది. నేను ఎదురు మంచం మీద పేషెంటుకు సెలైన్ పెడుతున్నాను. తాత చెయ్యెత్తి నన్ను పిలిచాడు.

"రెండు నిమిషాలు తాతా, వస్తాండా" అన్నాను.

ఎదురు మంచం ఆమెకు నరం దొరకలేదు. ఇంకో చేతికి గుచ్చాల్సి వచ్చింది. నేను వెనక్కి తిరిగేసరికి ఆ చెయ్యి మంచం అంచు మీద వాలిపోయి ఉంది. డాక్టరు వచ్చాడు. చేయవలసినవన్నీ చేశాం. కూతురు మందుల కవరుతో మెట్లెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది.

క్లాసులో నేను ఇదే చెప్పాను, వచ్చీరాని ఇంగ్లీషులో. ఒక తాత పిలిచాడు, నేను వెళ్లలేదు, ఆయన చనిపోయాడు. అంతటితో ఆగిపోయాను. సారు ఫోనులో టైము చూశాడు.

"నలభై సెకన్లకే కథ అయిపోయిందే. ఇంకా నిమిషం పైన ఉంది. ఏం చేస్తావు?"

"అంతే సార్ జరిగింది."

"జరిగింది ఎవరికి కావాలమ్మా? నిజమా అబద్ధమా అని ఆడ ఎవరూ చూడరు. ఆగకుండా మాట్లాడతాండావా లేదా, అదే చూస్తారు. నువ్వు పోయి ఆయన పక్కన కూర్చున్నావనుకో. చెయ్యి పట్టుకున్నావనుకో. ఆయన ఏందో చెప్పినాడు. ఏం చెప్పినాడో నువ్వే కల్పించు. మంచి మాటలు పడాల, పశ్చాత్తాపం, క్షమించడం, అట్లాంటివి."

ఆ సాయంత్రం గదికి వెళ్లి కల్పించాను. నేను నీలం ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని తాత పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. కూతురి మీద కోపం పెట్టుకుని తప్పు చేశానని, ఒక్కసారి చూడాలని ఆయన చెప్పాడు. చెప్పి, ప్రశాంతంగా కళ్లు మూశాడు. రెండు నిమిషాలకు సరిగ్గా సరిపోయింది.

రోజూ అదే చెప్పేదాన్ని. అద్దం ముందు, డాబా మీద బట్టలు ఆరేస్తూ, ఆస్పత్రికి నడిచేటప్పుడు. ఫోనులో రికార్డు చేసుకుని వినేదాన్ని. కార్డు మారినా, కాస్త మలుపు తిప్పి ఈ కథలోకే తెచ్చేదాన్ని. మరిచిపోలేని రోజు అన్నా ఇదే, మీరు నేర్చుకున్న పాఠం అన్నా ఇదే. సారుకు బాగా నచ్చింది. "కన్నీళ్లు తెప్పిస్తాండావే" అన్నాడు ఒకసారి.

నెల తిరిగేసరికి నాలో ఏదో మారింది. తాత గుర్తొచ్చినప్పుడల్లా కుర్చీ కూడా గుర్తొచ్చేది. దాని ఒక కాలు కొంచెం వంకరగా ఉండటం, కూర్చుంటే కిర్రుమనడం గుర్తొచ్చేవి. ఆయన అరచేతి గరుకు నా వేళ్లకు తెలిసేది. వార్డులో ఆ మంచం పక్క నుంచి వెళుతూ ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానో! అక్కడ ఎవరున్నా, ముందు ఆయనే కనిపించేవాడు. ఆయన నన్ను నిందించలేదు. చెప్పవలసింది చెప్పేసినవాడిలా తృప్తిగా చూసేవాడు. నాకు దానికే భయం వేసేది.

ఒక ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంది. నంద్యాల దాటకముందే ఒకామె వచ్చి కూర్చుంది. నన్ను తేరిపార చూసి, "సిస్టరమ్మా, నన్ను గుర్తుపట్టినావా?" అంది. తాత కూతురు. ఆమె భర్త కూడా ఆళ్లగడ్డలో రాతిపని చేసేవాడేనని అప్పుడే తెలిసింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక ఆమె గొంతు తగ్గించింది.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. మా నాయన పోయేటప్పుడు నువ్వు ఆడనే ఉంటివి గదా. ఏమన్నా అన్నాడా?"

లేదక్కా అనాలి. నోరు తెరిచాను. వందసార్లు చెప్పిన కథ కదా, తడుముకోకుండా వచ్చేసింది. ఇంగ్లీషులో అల్లినది తెలుగులోకి దానంతటదే మారిపోయింది.

"పక్కనే కూర్చోని ఉంటి అక్కా. చెయ్యి పట్టుకోని ఉంటి. కూతురి మీద కోపం పెట్టుకోని తప్పు చేసినా అన్నాడు. ఒక్కసారి చూడాల అన్నాడు."

ఆమె ఒళ్లో ఉన్న సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టింది.

"నామీద ఆయనకు కోపం యాడిది?" అంది. "పన్నెండు దినాలూ నేను పక్కనే ఉంటి గదా. చూడాల అనేదానికి నేను యాడికి పోయినా? అయితే చిన్నదాన్ని అడిగినాడు."

అప్పటిదాకా ఆయనకు ఇంకో కూతురు ఉన్నట్టే నాకు తెలియదు. తండ్రి మాట కాదని పెళ్లి చేసుకుని మిడుతూరులో ఉంటోందట. తొమ్మిదేళ్లుగా ఆయన ఆమెను గడప తొక్కనివ్వలేదు. చావుకు కూడా ఎవరూ కబురు చెయ్యలేదు.

"చిన్నదాన్నేనా?" ఆమె మళ్లీ అడిగింది.

నేను తల ఊపాను.

ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటకే చూసింది. దిగిపోయి నాలుగడుగులు వేశాక సంచి మరిచిపోయానని మళ్లీ బస్సెక్కింది. అప్పుడు కూడా, దిగబోతున్న నా మొహం చూడలేదు.

పది రోజుల తర్వాత చిన్నకూతురు ఆస్పత్రికి వచ్చింది. టిఫిన్ డబ్బా నిండా పప్పూ బెల్లం పెట్టి చేసిన ఓళిగలు తెచ్చింది. అక్క మిడుతూరుకు వెళ్లి, ఇంటి ముందు నిలబడి, "నాయన నిన్ను అడిగినాడంట మే" అని చెప్పి ఏడ్చిందట. ఆ మాట నా నోటి నుంచి వినాలని వచ్చింది ఈమె.

చెప్పాను. మూడో వాక్యానికే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా పేరు ఎత్తినాడా?"

"ఎత్తినాడు" అన్నాను. ఆమె పేరేమిటో కూడా నాకు తెలియదు.

ఆ మంచం చూపించమంది. తీసుకెళ్లాను. దాని మీద వేరే మనిషి నిద్రపోతున్నాడు. ఆమె మంచం ఇనుప కడ్డీ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత, "నువ్వు యాడ కూర్చున్నావు?" అని అడిగింది.

ఈ పక్కన అని చూపించబోయి ఆగిపోయాను. మంచానికీ గోడకూ మధ్య ఆక్సిజన్ సిలిండరు నిలబెట్టి ఉంది. ఎప్పుడూ ఉండేది అక్కడే. అవతలి పక్క మనిషి నడిచే దారి తప్ప చోటు లేదు. ఆ వార్డులో నీలం కుర్చీలే లేవు.  ఆమె మాత్రం నేను చూపించబోయిన వైపే చూస్తూ, అక్కడ ఎవరో కూర్చుని ఉన్నట్టు, రెండు చేతులూ జోడించింది.

ఆ తర్వాత క్లాసులో నేను ఆ కథ చెప్పలేదు. ఎందుకు మానేశావని సారు కోప్పడ్డాడు. పరీక్షకు హైదరాబాదు వెళ్లాను. అక్కడ నాకు వచ్చిన కార్డు, మీకు ఇష్టమైన ఒక అంగడి గురించి చెప్పండి అని. ఆళ్లగడ్డలో మేము గాజులు వేయించుకునే అంగడి గురించి, ఆ గాజుల సాయిబు మా వేళ్లు మెత్తగా నొక్కి నొప్పి తెలియకుండా గాజు ఎక్కించడం గురించి చెప్పాను. జరిగినదే చెప్పాను. రెండు నిమిషాలు ఎలా అయిపోయాయో తెలియలేదు. కావలసిన మార్కులు వచ్చాయి.

మార్కులు చూసుకున్న వారమే ఆళ్లగడ్డలో పెద్దకూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటి ముందు పాకలో ఆమె ఒక అమ్మవారి విగ్రహం భుజాన్ని సానరాయితో నునుపు చేస్తోంది. నీళ్లు పోసి రుద్దుతోంది. భర్త ఇంట్లో లేడు. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. కూర్చోలేదని, చెయ్యి పట్టుకోలేదని, ఆయన ఏ కూతురినీ అడగలేదని. పరీక్ష కోసం అల్లిన మాటలు బస్సులో నోరు జారాయని.

సానరాయి ఆగింది.

"అయితే ఏమీ అనలేదా మా నాయన?"

"చెయ్యెత్తి పిలిచినాడు అక్కా. 'పాపా, ఇట్ల రా' అన్నాడు. అంతే."

"పాపా అన్నాడా?"

"ఊ."

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంది. "నన్ను అట్లనే పిలుస్తాండె. ఇంత పెద్దదాన్నయినా పాపా అనే. చిన్నదాన్ని మాత్రం పేరు పెట్టి పిలుస్తాండె."

ముసలివాళ్లు నర్సులందరినీ పాపా అనే పిలుస్తారు. ఆ మాట నా గొంతుదాకా వచ్చింది. అనలేదు.

"ఆయన కళ్లద్దాలు నా సంచిలోనే ఉండె ఆ పొద్దు," అంది ఆమె, తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు. "అద్దాలు లేకుంటే ఆయనకు నువ్వెవరో నేనెవరో తెలీదు. ఎవరో ఆడమనిషి అని కనపడింటాది. నేనే అనుకోనుంటాడు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నా తప్పే అక్కా. చిన్నామెకు కూడా చెప్పేస్తా."

"చెప్పొద్దు." ఆమె గొంతు గట్టిగా వచ్చింది. "ఇప్పుడు వస్తాంది, పోతాంది. పిల్లోళ్లు నన్ను పెద్దమ్మా అంటాండారు. నువ్వు పోయి ఇది చెప్తే దానికి ఏం మిగుల్తాది? నోరు మూసుకోని ఉండు."

"మరి నీకు?"

 ఆమె చెంబుతో విగ్రహం మీద నీళ్లు పోసి మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. ఇక వెళ్లమన్నట్టు అర్థమైంది.

తాత సంవత్సరీకానికి చిన్నకూతురు నాకు ఫోను చేసింది. రాకపోతే ఊరుకోనంది. గోస్పాడు దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను. ఇంటి నిండా బంధువులు. పటానికి పూలదండ. పటంలో ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. చిన్నకూతురు నా చెయ్యి పట్టుకుని అందరి మధ్యకు తీసుకెళ్లింది.

"ఈ సిస్టరమ్మే మా నాయన పక్కన ఉండింది. చెప్పు సిస్టరమ్మా, అందరూ వింటారు. ఏమన్నాడో చెప్పు."

ఆమె పిల్లలిద్దరూ నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. నేను పెద్దకూతురి కోసం చూశాను. ఆమె వంటింటి గుమ్మంలో విస్తరాకులు పట్టుకుని నిలబడి ఉంది. నావైపు చూసి, కొంచెంగా తల ఆడించింది. చెప్పమని.

చెప్పాను. ఒక్కచోట కూడా తడబడలేదు. ఒక ముసలామె నా తల నిమిరి, కడుపు చల్లగా బతకమని దీవించింది. భోజనాల దగ్గర పెద్దకూతురే వడ్డించింది. నా విస్తరి దగ్గరకు వచ్చి, అడగకుండానే రెండోసారి అన్నం పెట్టి, పప్పు పోసి, పక్క విస్తరికి వెళ్లిపోయింది. నేను తల వంచుకుని మొత్తం తిన్నాను.