బౌక్యె తోమని చోటు

శనివారం వచ్చిందంటే బౌక్యె ఇక మనిషి మాట వినదు. గడప రాయి, కిటికీ అద్దాలు, చెత్తడబ్బా మూత, చివరికి కాలువ ఒడ్డున పడవ కట్టే గుంజ కూడా ఆమె బ్రష్షు దెబ్బ తప్పించుకోలేదు. కాలువల సీమ ఫ్రీస్లాండ్‌లోని ఆ ఊళ్లో అందరిదీ శుభ్రమే, బౌక్యెది మాత్రం పిచ్చి. నలభై ఆరేళ్ల కాపురంలో ఆమె కడగనిది మొగుడు డౌవె నోరొక్కటేనని చెప్పుకునేవారు. ఆ మాట డౌవే పదిమందికీ చెప్పి నవ్వించేవాడు.

ఎండాకాలంలో పడవ గొలుసు డౌవె కాలి బొటనవేలి మీద పడింది. అసలే షుగరు మనిషి. గాయం నెలలు గడిచినా మానలేదు. ఆరు వారాల్లో దారిన పడకపోతే వేలు తీసేయాల్సిందేనని అక్టోబరులో డాక్టరు తేల్చేశాడు. బొటనవేలు లేకపోతే మంచు మీద స్కేటింగు సాగదు. కాలువ గడ్డకట్టిన ప్రతి ఏడూ డౌవె పక్కూరిదాకా జారుకుంటూ వెళ్లి, బఠానీ సూపు తాగి వచ్చేవాడు. ఇక ఆ ముచ్చట లేదనుకున్నాడేమో, నవ్వడం మానేశాడు. బౌక్యెకు ఆ మౌనం గాయంకన్నా బాధగా ఉండేది.

సోమ, గురువారాల్లో సైకిలు మీద వచ్చి కట్టు మార్చే నర్సు నింకెకు ఒక సంగతి అంతుపట్టలేదు. గురువారం గాయం ఎర్రగా, గింజలు గింజలుగా పూడుతూ కనిపించేది. సోమవారానికి పాలిపోయి మళ్లీ మొదటికొచ్చేది. మూడు వారాలు ఇదే వరస. నాలుగో సోమవారం ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, శనివారం ఈ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పమంది.

"ఏముందమ్మా, ఇల్లంతా కడుగుతా, ఆఖర్న కట్టు విప్పి ఆయన కాలు. మళ్లీ నీలాగే కట్టేస్తా. ఆ ఎర్ర గింజలు ముట్టుకుంటే చాలు నెత్తురొస్తోంది. చెడ్డ మాంసం కదా, మెత్తటి బ్రష్షుతో తోమేస్తున్నా," అంది బౌక్యె గర్వంగా.

నింకె తల పట్టుకుంది. "పిన్నీ, నువ్వు తోమేస్తున్నది బాబాయి వేలినే."

ఆ గింజలు కొత్త రక్తనాళాల కొసలట. దెబ్బ తగిలిన చోటి కణాలు గ్రోత్ ఫ్యాక్టర్లనే పదార్థాలు వదులుతాయట. ఆ కబురు అందగానే పక్కనున్న సన్నని నాళాలు చిగురు వేసి గాయంలోకి పాకుతాయి. వాటి వెంట రక్తం వస్తేనే కొత్త కండ పడుతుంది. షుగరు ఒంట్లో ఆ చిగురు వేయడమే కష్టం. వేసిన నాలుగింటినీ వారం వారం గీకేస్తే గాయం ఎలా మానుతుందని నింకె అడిగింది.

బౌక్యె మొహం మాడిపోయింది. డౌవె మాత్రం ఎన్నాళ్లకో పగలబడి నవ్వాడు. "నా నోరు కడక్కపోవడమే మంచిదైంది. లేకపోతే ఇదీ ఊడేది."

నింకె మాట మీద డాక్టరు మరో నెల గడువిచ్చాడు. ఆ శనివారాలు బౌక్యెకు గండాలే. చేతులు ఊరకుండవు. పడవ గుంజను రెండుసార్లు తోమింది, పక్కింటివాళ్ల గడప కూడా కడిగేసింది. కాలి జోలికి మాత్రం పోలేదు. క్రిస్మస్‌కు ముందే గాయం మూసుకుంది.

ఆ శనివారం ఆమె మోకాళ్ల మీద కూర్చుని వంటింటి నల్లరాళ్లు తుడిచి తళతళలాడించింది. అంతలో స్నానాల గదిలోంచి డౌవె తడికాళ్లతో వచ్చి, కాలువ మీద మంచు పట్టిందేమోనని కిటికీలోంచి చూశాడు. నల్లరాయి మీద తడి అడుగు ముద్ర పడింది. ఐదు వేళ్లూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దగా బొటనవేలు.

"తిట్టవేం?" అన్నాడు డౌవె, బిక్కుబిక్కుమంటూ.

బౌక్యె కళ్లు తుడుచుకుని, గుడ్డను పిండి బకెట్టు అంచున ఆరేసింది.

"దానంతటదే ఆరనీ," అంది.