అవనిగడ్డలో పద్నాలుగో మనిషి

మా బైకుల క్లబ్బు నలుగురితో మొదలైంది. బందరులో మందుల షాపు నడిపే నేను, గిలకలదిండిలో పడవ ఇంజన్లు బాగుచేసే మా బావ, ఒక పాస్టరుగారు, గుడివాడ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారు. మాలో ఆవిడొక్కరే ఆడమనిషి. నలుగురివీ పాత బుల్లెట్లే. రెండో శనివారం తెల్లారకముందే బయల్దేరి, ఎక్కడో ఓచోట ఇడ్లీ తిని, ఎండెక్కేలోపు ఇళ్ళకి చేరేవాళ్ళం. అప్పట్లో రూల్సేమీ లేవు. ఎవరైనా వెనకబడితే మిగతావాళ్ళు ఆగేవాళ్ళు, అంతే.

రెండేళ్ళలో పద్నాలుగు మందిమయ్యాం. వాట్సాప్ గ్రూపు వచ్చింది. అందరం నల్ల జాకెట్లు కొనుక్కున్నాం. వరసకి ముందు మా బావ, చివర నేను అని ఏర్పాటు చేసుకున్నాం. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టడం నా పని.

ఆ జనవరిలో హంసలదీవికి బయల్దేరాం. చల్లపల్లి దాటాక మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, నాకు ముందున్న టీచరుగారి ఎర్ర లైటు తప్ప ఇంకేమీ కనబడలేదు. రోడ్డూ లేదు, కాలవా లేదు, పొలాలూ లేవు. ఒకచోట ఆ లైటు మాయమైంది. నేను బ్రేకు వేసేలోపే మళ్ళీ కనబడింది. దాని వెనకే వెళ్ళాను.

అవనిగడ్డలో ఆగాం. టీకొట్టు ఇంకా తెరవలేదు. చలికి ఎవరూ హెల్మెట్లు తియ్యలేదు, ఇంజన్లు ఆపలేదు. నేను దిగి, నాతో మొదలుపెట్టి, ఒక్కొక్కరి భుజం తడుతూ లెక్కపెట్టాను. పద్నాలుగో భుజం మీద చెయ్యి వేస్తే జాకెట్టు నీళ్ళలో ముంచి తీసినట్టుంది. మంచుకి తడిసిందనుకున్నాను.

"టీచరుగారూ, బానే ఉన్నారా?" అన్నాను.

తల ఊపారు.

మళ్ళీ ఆ లైటు వెనకే బయల్దేరాను. కోడూరు దగ్గర మలుపులో అది కనబడకుండా పోయింది. ముందువాళ్ళని కలుసుకుని ఉంటారనుకున్నాను. హంసలదీవిలో సముద్రం దగ్గరకి చేరేసరికి వెలుగొచ్చింది. అందరూ హెల్మెట్లు తీశారు.

"టీచరుగారేరి బావా?" అన్నాడు మా బావ.

"నా ముందే ఉన్నారు. అవనిగడ్డలో నేనే లెక్కపెట్టాను."

అక్కడ పదమూడు బళ్ళే ఉన్నాయి. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడంలేదు.

వెనక్కి తిరిగి, దారిపొడుగునా కేకలు వేసుకుంటూ వెళ్ళాం. మోపిదేవికి అవతల, కాలవగట్టు కింద తుంగలో దొరికారావిడ. కాలిమీద బండి, నడుందాకా నీళ్ళు. ఫోన్ గట్టుమీద పడి ఉంది. పైకి లాగుతుంటే పళ్ళు టకటకలాడుతూనే చెప్పారు.

"పక్క డొంకదారిలోంచి హెడ్‌లైటు లేని బండొకటి నా ముందుకొచ్చిందండీ. తప్పించబోయి పడ్డాను. అది ఆగలేదు. వెనకే మీ బండి వెళ్ళింది. అరిచాను."

"నా బండేనని ఎలా తెలిసింది?"

"ఆ చప్పుడు నాకు తెలీదా? మీరు దాని వెనకే వెళ్ళిపోయారు."

నా జాకెట్టు తీసి ఆవిడకి కప్పాను.

ఆవిడకి చీలమండ విరిగింది. ఆ తర్వాత అవనిగడ్డలోనూ, కోడూరులోనూ చాలామందిని అడిగి చూశాం. అలాంటి బండిని ఎవరూ చూడలేదన్నారు. "మంచులో దారి తెలీనివాడెవరో మనతో కలిసుంటాడు. అంతకంటే ఏముందండీ?" అన్నారు పాస్టరుగారు. అయ్యుండొచ్చు. కానీ నేను టీచరుగారూ అని పిలిస్తే ఎందుకు తల ఊపాడు? ఆ తడి చాలారోజులు నా అరచేతికి తగులుతూనే ఉంది. షాపులో మందుల పెట్టెలు తీస్తూ తీస్తూ చెయ్యి తుడుచుకునేవాణ్ణి.

క్లబ్బు పద్ధతి మార్చాం. తలలు లెక్కపెట్టడం మానేశాం. ఆగినచోట ఇంజను ఆపాలి, హెల్మెట్ తియ్యాలి, ఎవరి పేరు వాళ్ళు పైకి చెప్పాలి. "ఇదేమన్నా బడా?" అని ఇద్దరు మానేశారు. కొత్తవాళ్ళు చేరారు. స్కూటర్లవాళ్ళనీ కలుపుకున్నాం. ఇప్పుడు ముప్ఫైమందికి పైనే ఉన్నాం.

టీచరుగారు నాలుగో నెలలో కొంచెం కుంటుకుంటూ వచ్చారు. "చివరి చోటు నాకివ్వండి" అన్నారు. ఆవిడ మొహంలోకి చూడలేక తల దించుకుని సరేనన్నాను.

అందరి పేర్లూ అయ్యాక ఆవిడ, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. మొన్న మా బందరు పక్క గూడూరు దగ్గర మంచు కమ్మినప్పుడూ అడిగారు. అందరం మంచులోకి చూస్తూ నిలబడ్డాం. ఎవరూ పలకలేదు. ఆవిడ ఇంకాసేపు చూసి, "ఇక పదండి" అన్నారు.